సింబల్స్ దగ్గర బిగుసుకుపోయే డీబగ్గర్: రిగ్రెషన్ టెస్ట్‌కి ఏది మేలు?

డీబగ్గర్ క్రాష్ అయితే ఎగ్జిట్ కోడే ఆ సంగతి చెబుతుంది. హ్యాంగ్ అయితే చెప్పే దిక్కుండదు. ప్రోగ్రామ్‌ని లోడ్ చేయమన్నాం, "రీడింగ్ సింబల్స్" (ఫంక్షన్ల, వేరియబుళ్ల పేర్లు, టైపులు చదువుతున్నానని) అని ఒక లైన్ వచ్చింది, ఆపైన ప్రాంప్ట్ రాలేదు. ఇంకో నిమిషం ఆగితే వస్తుందా, రేపటిదాకా కూర్చున్నా రాదా అన్నది బయటినుంచి చూసి తేల్చలేం. అందుకే ఇలాంటి బగ్‌ని సరిచేశాక అది మళ్లీ రాకుండా టెస్ట్ పెట్టాలంటే రెండు సంగతులు తేలాలి. డీబగ్గర్‌కి ఏ ఫైల్ ఇవ్వాలి? ఆగిపోయిందని దేన్నిబట్టి చెప్పాలి?

ఫైల్ విషయంలో నాలుగు దారులున్నాయి: హ్యాంగ్ చేయించిన అసలు బైనరీని దాచిపెట్టడం, చిన్న సోర్స్ ప్రోగ్రామ్ రాసి టెస్ట్ సమయంలో కంపైల్ చేయడం, డ్వార్ఫ్ (కంపైలర్ డీబగ్గర్ కోసం బైనరీలో రాసిపెట్టే ఫార్మాట్) సమాచారాన్ని చేత్తో రాయడం, ఫజర్‌కి (అడ్డదిడ్డమైన ఇన్‌పుట్‌లు పుట్టించి పరీక్షించే సాధనం) వదిలేయడం. అంతులేని లూప్ బగ్‌కి చేత్తో రాసిన డ్వార్ఫే మేలు. మిగతా రకాలకి లెక్క మారుతుంది, కాబట్టి ముందు రకం తేల్చుకోవాలి.

ఇది ఏ రకం హ్యాంగ్?

బిగుసుకుపోయిన డీబగ్గర్‌ని చంపేయకండి. ఇంకో టెర్మినల్‌లో టాప్ తెరిచి చూడండి. సీపీయూ 100 శాతం దగ్గర ఉంటే అంతులేని లూప్ కావచ్చు, లేదా ఇన్‌పుట్ రెట్టింపైతే పని నాలుగింతలయ్యే అల్గారిదమ్ కావచ్చు. సీపీయూ సున్నా దగ్గర ఉంటే డెడ్‌లాక్ (థ్రెడ్లు ఒకదాని తాళం కోసం ఒకటి ఆగిపోవడం), లేదా నెట్‌వర్క్ కోసమో మన జవాబు కోసమో ఎదురుచూపు.

లూప్‌నీ నెమ్మదినీ విడదీయడానికి మరో జీడీబీ డీబగ్గర్‌ని ఆ ప్రాసెస్‌కి అటాచ్ చేసి, అన్ని థ్రెడ్ల బ్యాక్‌ట్రేస్‌నీ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) 5 సెకన్ల ఎడంతో మూడుసార్లు తీయండి. లినక్స్‌లో యామా అనే సెక్యూరిటీ మాడ్యూల్ తాలూకు పీట్రేస్ స్కోప్ విలువ 1 ఉంటే సొంత ప్రాసెస్‌కైనా అటాచ్ కానివ్వదు, రూట్‌గా చేయాలి. మూడు ట్రేసుల్లోనూ అదే ఫంక్షన్ ఉండి, చదువుతున్న డ్వార్ఫ్ ఎంట్రీ ఆఫ్‌సెట్ (ఫైల్‌లో దాని స్థానం) రెండు మూడు విలువల మధ్యే తిరుగుతుంటే అది లూప్. ఆఫ్‌సెట్ ముందుకి జరుగుతూ ఉంటే నెమ్మది. స్టాక్ లోతు ప్రతిసారీ పెరుగుతుంటే అంతులేని రికర్షన్, స్టాక్ నిండగానే అదే క్రాష్ అవుతుంది.

హ్యాంగ్ కాకుండానే హ్యాంగ్‌లా కనిపించేవి కొన్ని ఉన్నాయి. వీటిని తీసేయకుండా టెస్ట్ రాస్తే మొత్తం శ్రమ వృథా.

పేజినేషన్ ప్రాంప్ట్ (తెర నిండినప్పుడు వచ్చేది) దగ్గర జీడీబీ రిటర్న్ కీ కోసం ఆగుతుంది. డీబగ్‌ఇన్ఫోడీ (డీబగ్ సమాచారాన్ని నెట్‌వర్క్ నుంచి ఇచ్చే సర్వర్) వాడమంటారా అని అడిగి అవుననో కాదనో చెప్పేదాకా కూర్చుంటుంది. అవునంటే, స్పందించని సర్వర్ దగ్గర డీఫాల్ట్ గడువు 90 సెకన్లు, నాలుగైదు లైబ్రరీలు వరుసగా వెళ్తే నిమిషాలు గడిచిపోతాయి. బ్యాచ్ మోడ్ పేజినేషన్‌ని ఆపుతుంది. డీబగ్‌ఇన్ఫోడీ యూఆర్ఎల్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని మాత్రం మనమే తీసేయాలి. సొంత ఇనిట్ ఫైల్ చదవకుండా ఎన్ఎక్స్ ఆప్షన్ కూడా ఇవ్వాలి.

ఇంకొకటి చాలామందిని రోజుల తరబడి తిప్పుతుంది. జీడీబీని టైమౌట్ కమాండ్ కింద నడిపితే అది బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ గ్రూప్‌లోకి వెళ్తుంది. జీడీబీ టెర్మినల్ సెట్టింగులు ముట్టుకోగానే కెర్నల్ ఎస్ఐజీటీటీఓయూ సిగ్నల్ పంపి దాన్ని ఆపేస్తుంది. గడువు దాటాక టెస్ట్ ఫెయిల్ అవుతుంది, అసలు డీబగ్గర్‌లో ఏ తప్పూ లేకపోయినా. పీఎస్ కమాండ్‌లో ప్రాసెస్ స్థితి "టీ" అని ఉంటే కారణం ఇదే. స్టాండర్డ్ ఇన్‌పుట్‌ని డెవ్ నల్ నుంచి ఇవ్వండి, టైమౌట్‌కి ఫోర్‌గ్రౌండ్ ఆప్షన్ జోడించండి. ఆ ఆప్షన్ పెట్టాక, జీడీబీ పుట్టించిన పిల్ల ప్రాసెసులకి గడువు వర్తించదు. సింబల్స్ చదవడమే టెస్ట్ కాబట్టి ఇక్కడ దానివల్ల నష్టం లేదు.

అసలు బైనరీ

నిజంగా హ్యాంగ్ చేయించిన ఫైల్ అదే కాబట్టి అనుమానానికి తావుండదు. ఏ కమిట్ దగ్గర బగ్ చొరబడిందో వెతకడానికి దీనికి మించింది లేదు.

టెస్ట్ సూట్‌లో పెట్టడానికి మాత్రం పనికిరాదు. వందల మెగాబైట్ల ఫైల్‌ని రిపోజిటరీ మోయలేదు. లైసెన్స్ ఎవరిదో తెలియకపోవచ్చు. ఇంకో ఆర్కిటెక్చర్ మీద కట్టిన డీబగ్గర్ దాన్ని గుర్తించకపోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ ఫైల్‌లో ఏ నాలుగు బైట్లు హ్యాంగ్‌కి కారణమో చదివేవాళ్లకి తెలియదు.

దాచేటప్పుడు మూడు జాగ్రత్తలు. ఆబ్జ్‌కాపీతో డీబగ్ భాగం మాత్రమే విడదీస్తే సైజు తగ్గుతుంది, అయితే విడదీశాక కూడా హ్యాంగ్ వస్తోందో లేదో మళ్లీ చూడాలి. ఫైల్‌లో జీడీబీ ఇండెక్స్ సెక్షన్ గానీ డీబగ్ నేమ్స్ సెక్షన్ గానీ ఉంటే డీబగ్గర్ తన సొంత స్కానర్‌ని నడపకుండా ఆ ఇండెక్స్‌నే వాడుకుంటుంది. బగ్ స్కానర్‌లో ఉంటే అది బయటపడదు, కాబట్టి ఆ సెక్షన్లు తీసేసిన ప్రతి ఒకటి, ఉంచిన ప్రతి ఒకటి రెండూ నడపాలి. డీడబ్ల్యూజెడ్ అనే సాధనంతో కుదించిన ఫైల్ అయితే దాని ఉమ్మడి సమాచారం వేరే ఫైల్‌లో ఉండొచ్చు. ఆ రెండో ఫైల్‌ని మర్చిపోతే డీబగ్గర్ ఎర్రర్ చెప్పి ఊరుకుంటుంది, బగ్ పోయిందని మనం పొరబడతాం.

సోర్స్ నుంచి కంపైల్ చేయడం

చూడ్డానికి ఇదే శుభ్రమైన దారి. ఇరవై లైన్ల సీ ప్లస్ ప్లస్ ఫైల్, ఎవరైనా చదవగలరు, ఏ ఆర్కిటెక్చర్‌కైనా కంపైల్ అవుతుంది. డీబగ్గర్‌లోని మామూలు ఫీచర్లకి ఇదే సరైన పద్ధతి కూడా.

ఈ బగ్‌కి మాత్రం ఇది మోసం చేస్తుంది. హ్యాంగ్‌కి కారణం సోర్స్ కాదు, ఒకానొక కంపైలర్ వెర్షన్ ఆ సోర్స్ నుంచి పుట్టించిన డ్వార్ఫ్ ఆకారం. కంపైలర్ మారితే ఆకారం మారిపోతుంది. జీసీసీ కంపైలర్ 11వ వెర్షన్ నుంచి, అంటే 2021 నుంచి, డీఫాల్ట్ డ్వార్ఫ్ 5. అంతకుముందు రాసిన టెస్ట్‌లో వెర్షన్ ఆప్షన్ పెట్టకపోతే ఆ రోజునుంచి అది వేరే ఫార్మాట్‌ని పరీక్షిస్తోందన్నమాట. ఆప్టిమైజేషన్ స్థాయి, ఇన్‌లైనింగ్ నిర్ణయాలు, లింకర్ ఏ సెక్షన్లు కలుపుతుందన్నది అన్నీ ఇలాగే జారిపోతాయి. టెస్ట్ పాస్ అవుతూనే ఉంటుంది, లోపల ఏమీ పరీక్షించదు. ఫెయిల్ అయ్యే టెస్ట్‌ని ఎవరో ఒకరు చూస్తారు. ఊరికే పాస్ అయ్యే టెస్ట్‌ని ఎవరూ తెరవరు.

కంపైలర్ తప్పుడు డ్వార్ఫ్ పుట్టించడం వల్ల వచ్చిన హ్యాంగ్ అయితే మరీ కష్టం: కంపైలర్‌లో ఆ బగ్ సరిచేయగానే సోర్స్ టెస్ట్ పనికిరాకుండా పోతుంది.

సోర్స్‌కి ఒక మంచి ఉపయోగం ఉంది. పెద్ద ప్రోగ్రామ్‌ని సీవైజ్ లాంటి రిడ్యూసర్‌తో కుదించి, హ్యాంగ్ చేయించే అతి చిన్న రూపం కనుక్కోవచ్చు, దాని డ్వార్ఫ్ చూసి చేత్తో రాసుకోవచ్చు. ఆ పనిలో ప్రతి "ఇంకా హ్యాంగ్ అవుతోంది" జవాబుకీ పూర్తి గడువు ఖర్చవుతుంది. గడువు 60 సెకన్లు పెడితే వెయ్యి ప్రయత్నాలకి దాదాపు 17 గంటలు. మంచి కేసు అర సెకనులో ముగిసేదైతే 5 సెకన్ల గడువు చాలు. రిడ్యూసర్ ఒకేసారి చాలా ప్రయత్నాలు నడుపుతుంది కాబట్టి, మెషిన్ బరువెక్కి మంచి కేసులు కూడా గడువు దాటితే అది దారితప్పి హ్యాంగ్‌తో సంబంధం లేని ఫైల్‌ని చేతికిస్తుంది. జాబుల సంఖ్యని కోర్ల సంఖ్యలో సగానికి తగ్గించండి.

చేత్తో రాసిన డ్వార్ఫ్

సింబల్స్ దగ్గర వచ్చే లూపుల్లో ఎక్కువ భాగం కొద్దిపాటి ఆకారాల్లోనే ఉంటాయి. ఒక ఎంట్రీ అబ్‌స్ట్రాక్ట్ ఆరిజిన్ (మూల నిర్వచనం ఎక్కడుందో చెప్పే లింకు) రెండోదాన్ని చూపిస్తుంది, రెండోది మళ్లీ మొదటిదాన్ని. టైప్‌డెఫ్ తన టైప్‌గా తననే చూపించుకుంటుంది. సిబ్లింగ్ ఆట్రిబ్యూట్ (తర్వాతి పక్క ఎంట్రీ ఎక్కడో చెప్పేది) ముందుకి కాక వెనక్కి చూపిస్తుంది. రెండు పార్షియల్ యూనిట్లు (యూనిట్ అంటే సాధారణంగా ఒక సోర్స్ ఫైల్ తాలూకు డ్వార్ఫ్ ముక్క) ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకుంటాయి. ఏదైనా సరే, వంద బైట్ల చుట్టుపక్కల రాసేయొచ్చు. ఏ లింకు తప్పో ఫైల్ తెరిచినవారికి వెంటనే కనబడుతుంది. అందుకే మొగ్గు దీనివైపు.

రాసే పద్ధతి ఇది. ఖాళీ మెయిన్ ఫంక్షన్ ఉన్న సీ ఫైల్‌ని డీబగ్ ఆప్షన్ లేకుండా కంపైల్ చేయండి, లేకపోతే కంపైలర్ సొంత డ్వార్ఫ్ వచ్చి కలుస్తుంది. డీబగ్ ఇన్ఫో (ఎంట్రీలు), డీబగ్ అబ్రెవ్ (ఆ ఎంట్రీల ఆకారాల పట్టిక) సెక్షన్లని అసెంబ్లీ ఫైల్‌లో రాసి దానితో లింక్ చేయండి. యూనిట్ పొడవునీ రిఫరెన్సులనీ అంకెలుగా కాక లేబుళ్ల తేడాగా రాయండి, మధ్యలో ఒక ఆట్రిబ్యూట్ చేర్చినా లెక్క చెడదు. జీడీబీ సొంత టెస్ట్ సూట్ డెజాగ్నూ అనే టెస్ట్ ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తుంది, అందులో టీసీఎల్ భాషలో వర్ణిస్తే ఈ అసెంబ్లీని పుట్టించే డ్వార్ఫ్ అసెంబ్లర్ లైబ్రరీ ఉంది. వెర్షన్, 32 బిట్టా 64 బిట్టా అన్నది ఆప్షన్లుగా ఇవ్వొచ్చు, కాబట్టి ఒకే వర్ణనని డ్వార్ఫ్ 4, 5 రెండింటికీ, రెండు బిట్ రూపాలకీ కలిపి నాలుగుసార్లు నడపండి. మరో డీబగ్గర్ ఎల్ఎల్‌డీబీ వైపు యామల్‌టూఆబ్జ్ అనే సాధనం ఇదే పని చేస్తుంది. పొడవులు అదే లెక్కగట్టి సరిచేస్తుంది, కాబట్టి తప్పుడు పొడవే మీ టెస్ట్ అయితే ఆ విలువని బాహాటంగా రాయాలి.

తప్పులు దొర్లే చోట్లు కొన్ని తెలిసినవే. 32 బిట్ డ్వార్ఫ్ 4లో యూనిట్ హెడర్ 11 బైట్లు. డ్వార్ఫ్ 5లో యూనిట్ టైప్ అని ఒక బైట్ చేరి 12 అవుతుంది, పైగా అడ్రస్ సైజు అబ్రెవ్ ఆఫ్‌సెట్ కన్నా ముందుకి వస్తుంది. 4 హెడర్ మీద వెర్షన్ అంకె మాత్రం 5గా మార్చితే డీబగ్గర్ యూనిట్‌ని తిరస్కరిస్తుంది, ప్రాంప్ట్ చక్కగా వస్తుంది, టెస్ట్ పాస్. నాలుగు బైట్ల రిఫరెన్స్ ఫామ్ యూనిట్ హెడర్ మొదలునుంచి లెక్క, సెక్షన్ మొదలునుంచి కాదు. యూనిట్ ఒకటే ఉంటే రెండూ ఒకటే కాబట్టి ఈ తప్పు రెండో యూనిట్ చేర్చిన రోజునే బయటపడుతుంది. అబ్రెవ్ పట్టికలో ప్రతి నిర్వచనానికీ చివర రెండు సున్నా బైట్లు, పట్టిక చివర ఇంకో సున్నా. పిల్లలున్న ఎంట్రీకి పిల్లల జాబితా చివర ఒక సున్నా. రాశాక రీడ్‌ఎల్ఫ్‌తో చదివించి చూడండి, అది కూడా గడువు కిందే, ఎందుకంటే మీరు రాసిన వలయం దాన్నీ తిప్పొచ్చు.

ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది: బద్ధకపు చదువు. డీబగ్గర్ ఫైల్ తెరవగానే అన్నీ చదవదు. ముందు పేర్ల సూచిక తయారుచేసుకుని, ఒక యూనిట్ అవసరమైనప్పుడే దాన్ని పూర్తిగా విప్పుతుంది. బగ్ విప్పే దశలో ఉంటే ఫైల్‌ని లోడ్ చేయడం మాత్రమే చూసే టెస్ట్ దాన్ని తాకనే తాకదు. రీడ్‌నౌ ఆప్షన్ ఇవ్వండి, లేదా మెయింటెనెన్స్ కమాండ్లలోని ఎక్స్‌పాండ్ సిమ్‌ట్యాబ్స్ వాడండి. జీడీబీ 15 నుంచి సూచిక తయారీ బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్‌లో జరుగుతుంది, కాబట్టి ప్రాంప్ట్ వచ్చిందంటే చదవడం అయిపోయిందని అర్థం కాదు. మెయింటెనెన్స్ సెట్టింగుల్లో డ్వార్ఫ్ సింక్రనస్ అన్నదాన్ని ఆన్ చేయండి, అదీ ఫైల్ లోడ్ కాకముందే అమలయ్యే ఐఈఎక్స్ ఆప్షన్‌తో.

ప్రాంప్ట్ రావడం ఒక్కటీ చాలదు. వలయాన్ని గమనించి డీబగ్గర్ చెప్పే ఫిర్యాదు సందేశాన్ని పట్టుకోండి. జీడీబీలో కంప్లయింట్స్ సెట్టింగ్ డీఫాల్ట్ విలువ సున్నా కాబట్టి ముందు దాన్ని పెంచాలి. ఫిర్యాదు సందేశమే లేని చోట, ఆ చెడ్డ ఎంట్రీ పక్కనే ఒక మంచి వేరియబుల్‌ని రాసి దాని టైప్ సరిగ్గా వస్తోందో చూడండి. ఎగ్జిట్ కోడ్ మీద ఆధారపడకండి. చివర ఒక గుర్తు మాటని ఎకో చేయించి అవుట్‌పుట్‌లో వెతకడం నమ్మకమైన పద్ధతి.

ఫజర్

వెతకడానికి మంచిది, కాపలాకి కాదు. ప్రతిసారీ వేరే దారిలో పోయే టెస్ట్ ఫెయిల్ అయితే ఏ కమిట్‌ని అనాలో తెలియదు. లిబ్‌ఫజర్‌లో ఒక ఇన్‌పుట్‌కి గడువు డీఫాల్ట్‌గా 1200 సెకన్లు. హ్యాంగ్‌లు వెతికేటప్పుడు దాన్ని 10కి దించండి. టైమౌట్ అని మొదలయ్యే పేరుతో అది రాసిన ఫైల్‌ని తీసుకుని పై పద్ధతిలో అసెంబ్లీగా మార్చుకోండి.

ఆగిందని దేన్నిబట్టి చెప్పాలి: గడియారమా, సీపీయూ సమయమా, పని లెక్కా?

అంతులేని లూప్‌కి గడియారం చాలు. మంచి రన్ 0.4 సెకన్లైతే 10 సెకన్ల గడువు పెట్టండి. పాతిక రెట్ల ఎడం ఉంటుంది, బరువెక్కిన మెషిన్ మీద, మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ బిల్డ్‌లో కూడా నిలుస్తుంది. డెజాగ్నూ వాడుకునే ఎక్స్‌పెక్ట్ సాధనం మామూలు గడువు కూడా 10 సెకన్లే. ఒకసారి గడువు దాటాక ఆ ఫైల్‌లోని మిగతా టెస్టులని అక్కడే ఆపేయాలి, లేదంటే యాభై టెస్టులు ఒక్కోటీ 10 సెకన్లు తిని ఎనిమిది నిమిషాలు మింగుతాయి. గడువు దాటినప్పుడు కిల్ కాకుండా అబార్ట్ సిగ్నల్ పంపితే, కోర్ ఫైళ్లకి అనుమతి ఉన్నంతలో, ఎక్కడ తిరుగుతోందో చెప్పే సాక్ష్యం మిగులుతుంది.

సీపీయూ సమయ పరిమితి పక్క ప్రాసెసుల బరువుకి అంతగా చలించదు. అయితే డెడ్‌లాక్ సీపీయూ తినదు కాబట్టి ఈ పరిమితి దాన్ని ఎప్పటికీ పట్టదు. పైగా అన్ని థ్రెడ్ల సమయం కలిపే లెక్క: 8 వర్కర్ థ్రెడ్లు 5 సెకన్లు పనిచేస్తే 40 సెకన్లు. వర్కర్ థ్రెడ్ల సంఖ్యని సున్నాకి పెట్టి కొలవాలి, గడియారాన్ని కూడా పక్కన ఉంచాలి.

వర్గంలో పెరిగే (ఇన్‌పుట్ రెట్టింపైతే పని నాలుగింతలయ్యే) బగ్‌కి ఈ రెండూ సరిపోవు. చిన్న ఫైల్ మీద అది గడువులోపే ముగుస్తుంది. గడువు బిగిస్తే మంచి కోడ్ కూడా అప్పుడప్పుడు ఫెయిల్ అవుతుంది. ఇక్కడ మేలైనది నిష్పత్తి. 20,000 ఎంట్రీలున్న ఫైల్, 80,000 ఉన్న ఫైల్ స్క్రిప్ట్‌తో పుట్టించి, రెండింటికీ అమలైన ఇన్‌స్ట్రక్షన్ల సంఖ్యని పెర్ఫ్ స్టాట్‌తో, యూజర్ మోడ్ వరకే, కొలవండి. ఖాళీ ఫైల్‌తో ఒకసారి కొలిచి ఆ స్టార్టప్ ఖర్చుని రెండింటినుంచీ తీసేయండి. అది తీయకపోతే నిష్పత్తి ఒకటి వైపుకి నలిగిపోయి బగ్ దాక్కుంటుంది. సైజు నాలుగింతలైనప్పుడు సరళంగా పెరిగే కోడ్ దాదాపు 4 ఇస్తుంది, వర్గంలో పెరిగేది 16 వైపు పోతుంది. 8 దగ్గర గీత గీయండి. సైజుని రెట్టింపే చేస్తే 2కీ 4కీ మధ్య గీత గీయాలి, ఆ ఎడం చాలదు. కంటైనర్లలో పెర్ఫ్ కౌంటర్లు తరచూ మూసి ఉంటాయి. అక్కడ కాల్‌గ్రైండ్‌తో లెక్కించొచ్చు, పదుల రెట్లు నెమ్మది కాబట్టి సైజుల్ని 2,000, 8,000కి దించండి. ఎంట్రీలకి ఎలాంటి పేర్లు ఇస్తున్నామన్నది కూడా చూడాలి: బగ్ హ్యాష్ పట్టికలో ఉంటే అన్నీ వేర్వేరు పేర్లయినప్పుడు రాకపోవచ్చు, వేల ఎంట్రీలకి ఒకే పేరున్నప్పుడే వస్తుంది.

డెడ్‌లాక్ వేరే తూకం అడుగుతుంది. యాభైకి ఒకసారి వచ్చే డెడ్‌లాక్‌ని 50 రన్‌లలో పట్టుకోకుండా పోయే అవకాశం 36 శాతం, 200 రన్‌లలో 2 శాతం లోపు. 200 సార్లు తిప్పడం ప్రతి కమిట్‌కీ భారం, రాత్రి నడిచే బిల్డ్‌లో పెట్టండి. వర్కర్ల సంఖ్య 1, 2, 8 మార్చి మార్చి, కొన్నిసార్లు అన్నిటినీ ఒకే కోర్‌కి బిగించి తిప్పాలి. తాళాల వరుస తప్పిందని హ్యాంగ్ రాకుండానే చెప్పే థ్రెడ్ శానిటైజర్ బిల్డ్ అందుబాటులో ఉంటే పునరావృతం కన్నా అదే నయం, ఒక్క రన్‌లోనే దొరకొచ్చు.

కంట్రోల్ సీకి డీబగ్గర్ స్పందిస్తోందో లేదో చూసే చిన్న టెస్ట్ ఒకటి వీటి పక్కన పెట్టడం మంచిది. పెద్ద ఫైల్ లోడ్ మొదలైన రెండు సెకన్లకి ఇంటరప్ట్ పంపి, ప్రాంప్ట్ వస్తుందో చూడాలి. నెమ్మదిని వాడేవాళ్లు భరిస్తారు, ఆపడానికి వీల్లేని నెమ్మదిని భరించరు.

బైసెక్ట్‌లో ఒక చిక్కు

అసలు బైనరీ పనికొచ్చే చోటు ఇదే. బగ్ తెచ్చిన కమిట్‌ని సగం సగంగా వెతికే గిట్ బైసెక్ట్ రన్‌కి స్క్రిప్ట్ ఇచ్చేటప్పుడు ఎగ్జిట్ కోడ్‌లు గుర్తుండాలి: 0 మంచిది, 125 అంటే ఈ కమిట్‌ని దాటవేయి, 1 నుంచి 127 వరకు మిగతావన్నీ చెడ్డవి, ఆపైన ఏది వచ్చినా వెతుకులాటే రద్దు. టైమౌట్ కమాండ్ గడువు దాటితే 124 ఇస్తుంది, అది సరిపోతుంది. కిల్ సిగ్నల్‌తో చంపిస్తే మాత్రం 137 వస్తుంది, బైసెక్ట్ సగంలో ఆగిపోతుంది. స్క్రిప్ట్‌లో 137ని 1గా మార్చండి. బిల్డ్ ఫెయిలైతే 125. వేరే బగ్ వల్ల డీబగ్గర్ క్రాష్ అయినా 125 ఇవ్వాలి, లేకపోతే హ్యాంగ్ కోసం బయల్దేరి క్రాష్ తెచ్చిన కమిట్ దగ్గర తేలతారు. 2,000 కమిట్లకి 11 బిల్డులు చాలు.

కమిట్ దొరికి, సరిచేసి, చేత్తో రాసిన టెస్ట్ చేర్చాక ఫిక్స్‌ని మాత్రం తాత్కాలికంగా వెనక్కి తీసి టెస్ట్ నడపండి. గడువు దాటి ఫెయిల్ కావాలి. ఎర్రర్ సందేశం వల్లనో గుర్తు మాట రాకపోవడం వల్లనో ఫెయిలైతే అది వేరే దారిలో పోతోంది, డ్వార్ఫ్‌ని మళ్లీ చూడాలి. ఫిక్స్ తీసేసినా పాస్ అయితే మొదట అనుమానించాల్సింది రీడ్‌నౌ ఆప్షన్‌ని, తర్వాత యూనిట్ హెడర్‌ని.